తీయలేకపోయిన ఫొటోల్లోనే జవాబు: జూమ్, ప్రైమ్ లెన్సుల మధ్య ఎంపిక

కెమెరా కొన్న ఏడాదిలోపు చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఇది. పెట్టెలో వచ్చిన 18–55 లెన్సు చాలడం లేదు. చేతిలో కొంత డబ్బు ఉంది. మంచి జూమ్ కొనాలా, ప్రైమ్ కొనాలా? ఎవరిని అడిగినా వారి వారి పనికి పనికొచ్చినదే చెబుతారు. పెళ్లిళ్లు తీసేవారు జూమ్ అంటారు, వీధుల్లో తిరిగి తీసేవారు ప్రైమ్ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు కానీ, వారి అవసరం మీది కాకపోవచ్చు. మీ అవసరం ఏమిటో తెలియాలంటే మీరు తీయబోయి చెడగొట్టుకున్న ఫొటోలను, తీయలేక వదిలేసిన ఫొటోలను చూడాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది.

విశాఖపట్నంలో ఫొటోలు తీసేవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సముద్రం, కొండ, రేవు, బౌద్ధ స్తూపాలు, సంత, అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఒక్కో చోటు ఒక్కో రకం లెన్సును అడుగుతుంది. పైగా ఇక్కడి ఉప్పుగాలి, తేమ కూడా ఈ నిర్ణయంలో పాలు పంచుకుంటాయి. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ముందు తేడా ఎక్కడుందో చూద్దాం

ప్రైమ్ లెన్సుకు ఒకే ఫోకల్ లెంగ్త్ ఉంటుంది. లెన్సు ఎంత వెడల్పుగా, ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే మిల్లీమీటర్ల సంఖ్య అది. 35 మిల్లీమీటర్లంటే 35 మిల్లీమీటర్లే. మనిషి ఫ్రేములో పెద్దగా కనబడాలంటే మీరే ముందుకు నడవాలి. జూమ్ లెన్సులో వలయం తిప్పితే ఫోకల్ లెంగ్త్ మారుతుంది. ఈ సౌకర్యం స్టిల్ ఫొటోగ్రఫీకి ఆలస్యంగానే దక్కింది. 35 మి.మీ. స్టిల్ కెమెరాలకు తొలి జూమ్ లెన్సు, ఫోక్ట్‌లెండర్ జూమార్, 1959లో వచ్చింది. దాని పరిధి 36 నుంచి 82 మి.మీ. వరకు. ఆ తర్వాత చాలాకాలం జూమ్ అంటే స్పష్టతలో రాజీపడటమే అన్న అభిప్రాయం నిలిచింది. అందులో నిజం ఉండేది కూడా. ఇప్పుడు ఆ తేడా బాగా తగ్గిపోయింది. మంచి ఎఫ్/2.8 (ఈ సంఖ్య అర్థం తర్వాతి పేరాలో వస్తుంది) జూమ్‌తో తీసిన ఫొటోను, అదే ఎఫ్/2.8 దగ్గర ప్రైమ్‌తో తీసిన ఫొటోను ముద్రించి పక్కపక్కన పెడితే చాలామంది తేడా పట్టుకోలేరు. స్పష్టత ఒక్కదాని కోసం ప్రైమ్ కొనడం ఈ రోజుల్లో అంత బలమైన కారణం కాదని నా అభిప్రాయం.

ప్రైమ్‌కు అసలు బలం కాంతి. ఎఫ్ పక్కనున్న సంఖ్య ఎంత చిన్నదైతే లెన్సు లోపలి రంధ్రం, అంటే అపర్చర్, అంత పెద్దగా తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సును 55 దగ్గరకు తిప్పితే అది ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. చవకైన 50 మి.మీ. ప్రైమ్ ఎఫ్/1.8 వరకు తెరుచుకుంటుంది. 5.6ను 1.8తో భాగించి, వచ్చిన దాన్ని దానితోనే గుణిస్తే దాదాపు 9.7 వస్తుంది. అంటే ఒకే సమయంలో సెన్సరు మీద పడే కాంతి సుమారు పది రెట్లు. ఈ పది రెట్ల లెక్కను గుర్తుపెట్టుకోండి, ముందుముందు దానితో పని ఉంది.

జూముల్లో రెండు జాతులున్నాయి. కిట్ లెన్సు మీద 3.5–5.6 అని రెండు సంఖ్యలు కనిపిస్తాయి. ముందుకు తిప్పే కొద్దీ కాంతి తగ్గిపోతుందని దాని అర్థం. చాలా కిట్ లెన్సుల్లో 35 మి.మీ. దగ్గరకే అది ఎఫ్/4.5 అయిపోతుంది. రెండో జాతిలో 2.8 అని ఒకే సంఖ్య ఉంటుంది, పరిధి అంతటా ఆ అపర్చర్ మారదు. జూమ్ అని నేను మెచ్చుకుంటూ రాసిన ప్రతిచోటా ఈ రెండో రకమే నా మనసులో ఉంది. అరుదుగా ఇంకా ముందుకెళ్లిన జూములూ ఉన్నాయి. 2013లో సిగ్మా చిన్న సెన్సరు ఉన్న ఏపీఎస్-సి కెమెరాల కోసం 18–35 ఎఫ్/1.8 తెచ్చింది. ప్రైములతో సమానమైన కాంతి ఇచ్చే ఆ లెన్సు 810 గ్రాముల బరువుంటుంది. కాంతి, పరిధి రెండూ కావాలంటే మెడకు ఎంత భారమో అది చూస్తే తెలుస్తుంది.

మొదటి అడుగు: మీ సెన్సరు ఎంతదో తెలుసుకోండి

ఇది తెలియకుండా ఎవరి సలహా విన్నా తప్పుదారే. ఒకే 50 మి.మీ. లెన్సు, సెన్సరు 35 మి.మీ. ఫిల్ము అంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద ఒకలా, ఏపీఎస్-సి కెమెరా మీద ఇంకోలా కనిపిస్తుంది. నికాన్, సోనీ, ఫూజీఫిల్మ్‌ల ఏపీఎస్-సి కెమెరాల మీద ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో, క్యానన్ మీద 1.6తో గుణించాలి. ఇంకా చిన్న సెన్సరున్న మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2తో. అంటే ఏపీఎస్-సి మీద 50 మి.మీ. లెన్సు 75 లేదా 80 మి.మీ. చూపు చూస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మొదటి ప్రైమ్ అనగానే అందరూ 50 కొనమంటారు. ఫిల్ము కాలం నుంచి వస్తున్న అలవాటు అది, ఆ కెమెరాల మీద అది సరైన సలహానే. ఏపీఎస్-సి కెమెరాతో ఇంట్లో ఫొటోలు తీసేవారికి మాత్రం 50 ఇరుకు. లెక్క వేసి చూడండి. నిలబడిన మనిషిని, పైనా కిందా కాస్త ఖాళీతో కలిపి రెండు మీటర్ల ఎత్తుగా, నిలువు ఫ్రేములో పట్టాలనుకుందాం. ఏపీఎస్-సి మీద 35 మి.మీ. లెన్సుతో సుమారు మూడు మీటర్ల దూరం చాలు. 50తో నాలుగు మీటర్లు దాటి వెనక్కి జరగాలి. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో మామూలు ఫ్లాటు హాల్లో సోఫా, టీవీ బల్ల పోను నాలుగు మీటర్ల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? పాప పుట్టినరోజు తీయడానికి కొన్న లెన్సుతో మీరు వరండాలో నిలబడాల్సి వస్తుంది. ఏపీఎస్-సి వాడేవారికి మొదటి ప్రైమ్ 35, కొందరికి 23 లేదా 24. మనుషుల ముఖాలే మీ ప్రధాన విషయమైతే, అదీ ఆరుబయట తీసేవారైతే 50 గురించి ఆలోచించండి.

రెండో అడుగు: తీసిన ఫొటోలను లెక్కపెట్టండి

ప్రతి ఫొటో ఫైలులోనూ అది ఏ ఫోకల్ లెంగ్త్‌లో, ఏ అపర్చర్‌లో, ఎంత ఐఎస్ఓతో (సెన్సరు కాంతికి స్పందించే స్థాయి, పెంచితే రేణువులు తేలతాయి) తీశారో నమోదై ఉంటుంది. దీన్ని ఎక్సిఫ్ సమాచారం అంటారు. లైట్‌రూమ్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో లైబ్రరీ ఫిల్టర్ తెరిచి ఫోకల్ లెంగ్త్ ఎంచుకుంటే ఏ సంఖ్య దగ్గర ఎన్ని ఫొటోలున్నాయో వరుసగా చూపిస్తుంది. డబ్బు పెట్టకూడదనుకుంటే డిజిక్యామ్ ఉచితం. అదీ వద్దంటే కంప్యూటర్‌లో ఫైలు వివరాలు తెరిచి, మీకు నచ్చిన ఓ వంద ఫొటోలు చూసి కాగితం మీద గీతలు గీసుకున్నా సరిపోతుంది. తీసినవన్నీ లెక్కించకండి. నచ్చి దాచుకున్నవాటినే లెక్కించండి.

ఫలితాన్ని చదవడంలో మెలకువ కావాలి. 30 నుంచి 38 మధ్య గుంపుగా పడితే ఆ ప్రాంతంలో ప్రైమ్ మీకు అతుకుతుంది. అన్నీ చెల్లాచెదురుగా ఉంటే మీరు జూమ్ మనిషి. అయితే సగం 18 దగ్గర, సగం 55 దగ్గర పడితే ఏమిటి? ఆ రెండూ మీ లెన్సు గోడలు. 55 దగ్గర గుంపు పడిందంటే 55 మీకు ఇష్టమని అనుకోవద్దు, లెన్సు అక్కడితో ఆగిపోయింది గనుక మీరూ ఆగారు. 18 దగ్గర కూడా అంతే, ఇంకా వెడల్పు కావాల్సి వచ్చింది. అంకెను చూసి 50 ప్రైమ్ కొంటే, నిజానికి కావాల్సిన 70–300 జూమ్ అలాగే మిగిలిపోతుంది.

మూడో అడుగు: చెడిపోయినవాటిని దాచండి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే వేస్తానంటే ఇదే వేయండి. ఒక నెల పాటు ఒక్క ఫొటో కూడా చెరిపేయకండి. కదిలిపోయినవి, చీకటిగా వచ్చినవి, చుక్కలు చుక్కలుగా రేణువులు తేలినవి, మనిషి మరీ చిన్నగా పడినవి, గోపురం కోసుకుపోయినవి, అన్నీ ఉంచండి. వాటితోపాటు ఫోనులో చిన్న జాబితా రాసుకోండి: కెమెరా చేతిలో ఉండి కూడా తీయకుండా వదిలేసిన సందర్భం, దాని పక్కన కారణం.

నెలాఖరున వాటిని రెండు గుట్టలు చేయండి. కాంతి చాలక పోయినవి ఒక గుట్ట. దూరమో, ఇరుకో, ఫ్రేము కుదరకో పోయినవి మరో గుట్ట. మొదటి గుట్ట పెద్దదైతే ప్రైమ్, రెండోది పెద్దదైతే జూమ్. ఫోకస్ తప్పినవి ఏ గుట్టలోనూ వేయకండి, అవి కొత్త లెన్సుతో పోయే లోపాలు కావు. మీరు వాడే ఫోకస్ పద్ధతిని సరిచూసుకోవాలి.

మొదటి గుట్టలోనూ ఒక చిక్కుంది. కదిలిపోయిన ఫొటోలో అసలు కదిలినది ఏది? వెనకాల గోడ, కిటికీ కూడా మసకబారితే మీ చెయ్యి కదిలింది. గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే మసకబారితే మనిషే కదిలాడు. చెయ్యి కదిలితే, ఆ వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఉన్న జూమ్ కూడా ఆదుకుంటుంది. మనిషి కదిలితే ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు, షట్టర్ వేగం పెంచాల్సిందే, దానికి కాంతి కావాలి. చవకైన ప్రైముల్లో చాలావాటికి స్టెబిలైజేషన్ ఉండదు కనుక ఈ తేడా తెలుసుకోకుండా కొంటే చెయ్యి వణికే సమస్య అలాగే ఉంటుంది.

నాలుగో అడుగు: మీ కాళ్లు ఎక్కడిదాకా వెళ్లగలవు?

ప్రైమ్ వాడేవారికి కాళ్లే జూమ్ అని తరచూ అంటారు. అందులో సగమే నిజం. నడిస్తే మనిషి పెద్దగా కనిపిస్తాడు, దానితోపాటు వెనకాల ఉన్న దృశ్యంతో అతని సంబంధమూ మారిపోతుంది. జూమ్ తిప్పితే అలా మారదు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని తీసి చూడండి. దాని పొడవు 91 మీటర్లు. 24 మి.మీ.తో ముక్కు దగ్గర నిలబడి తీస్తే ముక్కు మీ మీదికి దూసుకొస్తున్నట్టు ఉంటుంది, తోక సన్నగా వెనక్కి పోతుంది. దూరంగా వెళ్లి 100 మి.మీ.తో తీస్తే పొడవంతా కుదించుకుని, వెనకాల కొండ దగ్గరకు జరిగినట్టు కనిపిస్తుంది. ఈ మార్పు మీరు నిలబడిన చోటు వల్ల వచ్చింది. కాబట్టి ముందు ఎక్కడ నిలబడాలో నిర్ణయించుకోండి, తర్వాత లెన్సు. చోటు మీ చేతిలో ఉన్నప్పుడు ప్రైమ్ హాయిగా పనిచేస్తుంది.

చోటు మీ చేతిలో లేనప్పుడు? ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండను పెద్దగా పట్టాలంటే మధ్యలో సముద్రం ఉంది, నడిచి వెళ్లలేరు. కైలాసగిరి మీద నుంచి తీరం ఒంపు తీసేటప్పుడు రెయిలింగ్ దాటలేరు. తీరంలో నౌకాదళ విన్యాసాలు జరిగినప్పుడు జనం మధ్య దొరికిన చోటే మీ చోటు. ఓడ ఒక క్షణం దూరంగా ఉంటుంది, మరుక్షణం హెలికాప్టర్ తల మీదికి వస్తుంది. అరకు వెళ్లే రైలులో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే లోయ ఎక్కడ తెరుచుకుంటుందో తెలిసేలోపు సొరంగం వచ్చేస్తుంది. ఇవన్నీ జూమ్ చోట్లు. ఇక్కడ ప్రైమ్ పట్టుకుని నిలబడటం దేనికీ రుజువు కాదు. అన్నట్టు, నౌకాదళ స్థావరాల దగ్గర ఫొటోలు నిషేధించే బోర్డులుంటాయి. పొడవాటి లెన్సు ఉన్నవారు వాటిని మరింత శ్రద్ధగా పాటించాలి.

పెళ్లి దీనికి పరాకాష్ఠ. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, మాంగల్యధారణ వేళ పురోహితుడు ఒకవైపు, మేనమామలు ఒకవైపు, వీడియో వారి దీపం ఇంకోవైపు. మీకు దక్కేది రెండడుగుల స్థలం. మెడలో ముడి పడే క్షణాన చేతులు కావాలి, వెంటనే వధువు ముఖం కావాలి, ఆ వెంటనే అక్షతలు వేస్తున్న మండపమంతా కావాలి. లెన్సు మార్చే వ్యవధి లేదు. ఆ క్షణం మళ్లీ రాదు, వాళ్ల కుటుంబానికి అది జీవితాంతం మిగిలే ఫొటో. ఒకే కెమెరాతో పెళ్లి తీసేవారు ముహూర్తానికి 24–70 ఎఫ్/2.8 లాంటి జూమ్ తప్ప మరొకటి పెట్టకూడదని నా గట్టి నమ్మకం. ఏపీఎస్-సి మీద దానికి సాటి 17–50, 17–70 పరిధి లెన్సులు. తలంబ్రాలు అయ్యాక, వధూవరులను పక్కకు పిలిచి తీసుకునేటప్పుడు 85 ప్రైమ్ బయటికి తీయండి.

పిట్టల సంగతి ఒక్క మాటలో: కొండకర్ల ఆవకు వెళ్లేవారికి ఇక్కడ ఎంపికే లేదు. 600 మి.మీ. ఎఫ్/4 ప్రైములు పది లక్షల రూపాయలు దాటుతాయి. 150–600, 100–400 జూములే మనకు దారి.

అయిదో అడుగు: కాంతి లెక్క వేయండి

ఫిషింగ్ హార్బర్‌కు వేకువజామున వెళ్లండి. ఇంకా చీకటి ఉండగానే పడవల నుంచి తట్టలు దిగుతాయి, వంజరం, చందువ, రొయ్యలు రాశులుగా పడతాయి, వేలం పాట సాగుతూ ఉంటుంది. అక్కడక్కడ వేలాడే దీపాల కింద అందరూ వేగంగా కదులుతూ ఉంటారు. ఆ చేతుల కదలిక ఆగాలంటే షట్టర్ కనీసం సెకనులో 200వ వంతు ఉండాలి. ఆ వెలుగులో కిట్ లెన్సు ఎఫ్/5.6తో మీ కెమెరా ఐఎస్ఓ 12,800 అడిగిందనుకోండి. ఎఫ్/2.8 జూమ్ పెడితే కాంతి నాలుగు రెట్లు, ఐఎస్ఓ 3,200కు దిగుతుంది. ఎఫ్/1.8 ప్రైమ్ పెడితే ఇందాకటి పది రెట్ల లెక్క ప్రకారం సుమారు 1,300కు వచ్చేస్తుంది. 12,800 దగ్గర జాలరి ముఖంలోని ముడతలు రేణువుల్లో కలిసిపోతాయి. 1,300 దగ్గర చెమట చుక్క కూడా విడిగా కనిపిస్తుంది. పైగా అక్కడ మనుషులు చేతికందేంత దగ్గరలో ఉంటారు, నడవడానికి దారి ఉంటుంది. 35 మి.మీ. ప్రైమ్ ఒక్కటి చాలు. చిన్న లెన్సు ఎదుటివారిని బెదరగొట్టదు, అదీ ఒక మేలే. ఫొటో తీసే ముందు అడగండి, పనికి అడ్డు రాకండి.

అయితే పెద్ద అపర్చర్‌కు వెల ఉంది. ఏపీఎస్-సి మీద 50 మి.మీ. లెన్సుతో, ఎఫ్/1.8 దగ్గర, ఒకటిన్నర మీటరు దూరంలో ఉన్న మనిషిని తీస్తే స్పష్టంగా ఉండే మందం సుమారు 6, 7 సెంటీమీటర్లే. కళ్లు స్పష్టంగా ఉంటే చెవులు మసకబారడం మొదలవుతుంది. తాతయ్య ఒళ్లో మనవరాలు కూర్చుంటే ఇద్దరిలో ఒకరే స్పష్టంగా వస్తారు. ఇద్దరూ కావాలంటే ఎఫ్/4కో ఎఫ్/5.6కో వెళ్లాలి, అప్పుడు మీ ప్రైమ్ కాంతి విషయంలో జూమ్‌తో సమానమైపోతుంది. రాత్రిపూట బంధువులందరినీ వరుసలుగా నిలబెట్టి తీయడమే మీ పని అయితే ప్రైమ్ డబ్బు ఫ్లాష్ మీద పెట్టడం మేలు.

బొర్రా గుహల లాంటి చోట వెడల్పూ కావాలి, కాంతీ కావాలి. ఏపీఎస్-సి వారికి సిగ్మా 16 మి.మీ. ఎఫ్/1.4 లాంటి ప్రైమ్ అక్కడ ఏ జూమూ చేయలేని పని చేస్తుంది. ఏడాదికి ఒకసారి వెళ్లే చోటి కోసం లెన్సు కొనకండి. అద్దెకు తెచ్చుకోండి.

ఆరో అడుగు: జూమ్‌నే ప్రైమ్‌గా మార్చి పరీక్షించండి

పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. మీ కిట్ లెన్సును 35 దగ్గర పెట్టి వలయం కదలకుండా టేపు అంటించండి. ఒక వారం దానితోనే తీయండి. తర్వాతి వారం 50 దగ్గర, ఆ పై వారం 24 దగ్గర. ఒకసారి పూర్ణా మార్కెట్ సందుల్లో, ఒకసారి జగదాంబ కూడలిలో సాయంత్రం వేళ, ఒకసారి ఇంట్లో, ఒకసారి తొట్లకొండ మీద తిరగండి. తొట్లకొండ స్తూపం చుట్టూ నడవడానికి కావలసినంత ఖాళీ ఉంది, అక్కడ ఏ ఫోకల్ లెంగ్త్ అయినా సుఖంగానే ఉంటుంది. నిజం బయటపడేది మార్కెట్ సందులో.

మొదటి రెండు రోజులూ విసుగ్గా ఉంటుంది. అప్పుడే నిర్ణయానికి రాకండి. నాలుగో రోజుకు కెమెరా కన్నుకు పెట్టకముందే ఫ్రేము ఎంతవరకు వస్తుందో మీకు తెలిసిపోతుంటే, ఆ ఫోకల్ లెంగ్త్ మీది. ప్రైమ్ ఇచ్చే గొప్ప శిక్షణ ఇదే. వారం చివర్లో కూడా చెయ్యి వలయం మీదికే పోతుంటే, తీయలేకపోయినవాటి జాబితా పెరుగుతూనే ఉంటే, జూమ్ కొనడానికి సంకోచించకండి. జూమ్ వాడేవారు బద్ధకస్తులన్న మాటను నేను ఒప్పుకోను. జూమ్‌ను కూడా ముందుగా ఒక ఫోకల్ లెంగ్త్‌కు తిప్పుకుని, ఆ చూపుతో దృశ్యం వెతికేవారు ఎంతో క్రమశిక్షణతో పనిచేస్తారు.

అంకె తేలాక, కొనబోయే లెన్సునే రెండు రోజులు అద్దెకు తీసుకోండి. బరువు సంగతి అప్పుడే తెలుస్తుంది. ప్రైములన్నీ తేలికన్న నమ్మకం ఒకటుంది, ఒక్క లెన్సు విషయంలో అది నిజం. క్యానన్ కొత్త కెమెరాల ఆర్ఎఫ్ వరుసలో 50 ఎఫ్/1.8 బరువు 160 గ్రాములు, అదే సంస్థ 24–70 ఎఫ్/2.8 బరువు 900 గ్రాములు. అయితే ఆర్ఎఫ్‌లోనే 35 ఎఫ్/1.8, 50 ఎఫ్/1.8, 85 ఎఫ్/2 మూడూ సంచిలో వేస్తే 305, 160, 500 కలిపి 965 గ్రాములు. మూడు ప్రైముల సంచి ఒక్క జూమ్ కన్నా బరువెక్కింది. ధరలోనూ ఈ కూడిక వేయండి. ఫుల్ ఫ్రేమ్‌కు పెద్ద సంస్థల 24–70 ఎఫ్/2.8 లక్ష రూపాయలు దాటుతుంది, 50 ఎఫ్/1.8 అందులో చిన్న భాగానికే వస్తుంది. మూడు, నాలుగు ప్రైములు కొనే ఆలోచన ఉంటే మాత్రం ఆ తేడా త్వరగా కరిగిపోతుంది.

ఏడో అడుగు: సముద్రాన్ని లెక్కలోకి తీసుకోండి

తీరం నగరంలో ఉండేవారికి ఈ అడుగు తప్పనిసరి. రుషికొండ ఇసుకలో నిలబడి లెన్సు మారిస్తే గాలితోపాటు ఇసుక రేణువులు, ఉప్పు తుంపర సెన్సరు గదిలోకి వెళతాయి. సూర్యోదయం సముద్రం మీదే జరుగుతుంది కాబట్టి మన ఊళ్లో మంచి వెలుగు, మంచి గాలి ఒకే చోట ఉంటాయి. బీచ్‌కు వెళ్లేటప్పుడు ఒకే లెన్సు తగిలించుకుని వెళ్లండి, అక్కడ మార్చకండి. తప్పనిసరైతే కారులో కూర్చుని, లేదా గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు నేల వైపు ఉంచి మార్చండి. తీరమే మీ ప్రధాన విషయమైతే, తుంపర లోపలికి రాకుండా రబ్బరు సీళ్లున్న ఒక జూమ్ మూడు ప్రైముల కన్నా మంచిది. తిప్పినప్పుడు గొట్టం బయటికి సాగే జూములు ఆ గాలిని లోపలికి పీలుస్తాయని గుర్తుంచుకోండి. వాడాక గొట్టాన్ని పొడి గుడ్డతో తుడిచి తర్వాతే లోపలికి తిప్పండి.

ఎండకు ఎదురుగా తీసేటప్పుడు మాత్రం ప్రైమ్‌ది పైచేయి. లోపల గాజు పలకలు తక్కువగా ఉండటం వల్ల ప్రతిఫలించే కాంతి మరకలు సాధారణంగా తక్కువ పడతాయి. భీమిలి తీరంలో సూర్యోదయాలు తీయడమే మీ ధ్యేయమైతే ఇది చిన్న విషయం కాదు.

ఇక తేమ. మన ఊళ్లో బీరువాలో పెట్టి మరిచిపోయిన లెన్సుకు బూజు పడుతుంది. అది గాజు మీది పూతను తినేస్తే మళ్లీ రాదు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా డ్రై క్యాబినెట్ గానీ, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు గానీ పెట్టుకోండి. తోలు సంచుల్లో దాచకండి, అవి తేమను పట్టి ఉంచుతాయి. ఈ కారణంగానే నా సలహా: వారంలో ఒకసారైనా బయటికి తీయని లెన్సు విశాఖలో ఉంచుకోవద్దు. రెండే లెన్సులు కొని రెండూ వాడుతూ ఉండండి.

ఎనిమిదో అడుగు: జత కుదుర్చుకోండి

ఏపీఎస్-సి కెమెరా, కిట్ లెన్సు ఉన్న విద్యార్థి ముందు 35 ఎఫ్/1.8 కొనాలి. పగటి దృశ్యాలకు కిట్ లెన్సు ఉంది, లేనిదల్లా కాంతే. కుటుంబంతో తిరుగుతూ, లెన్సులు మార్చే తీరిక లేనివారు కిట్ లెన్సు అమ్మేసి ఎఫ్/2.8 జూమ్‌కు వెళ్లడం మేలు. సిగ్మా 18–50 ఎఫ్/2.8 బరువు 290 గ్రాములే, ప్రైమ్ అంత చిన్నగా సంచిలో ఒదుగుతుంది. 18–200 లాంటి అన్నీ ఒకటైన జూములు ప్రయాణాల్లో సౌకర్యమే కానీ, చివరికి వెళ్లేసరికి ఎఫ్/6.3కు పడిపోతాయి. మీ మొదటి గుట్ట పెద్దదైతే వాటి జోలికి వెళ్లకండి. వీధులు, సంతలు, మనుషులు మీ ప్రపంచమైతే ఒక్క ప్రైమ్‌తో ఏడాది గడపండి, రెండో లెన్సు అప్పుడు చూద్దాం. పెళ్లిళ్లు తీస్తూ సంపాదించేవారికి ముందు జూమ్, తర్వాత 85, ఆ తర్వాత రెండో కెమెరా. ఈ వరుస మార్చవద్దు.

కొనే రోజు

మౌంట్, అంటే లెన్సు కెమెరాకు తగులుకునే భాగం, సరిచూడండి. క్యానన్ పాత ఈఎఫ్ లెన్సు కొత్త ఆర్ఎఫ్ కెమెరాకు అడాప్టర్‌తో పడుతుంది, ఆర్ఎఫ్ లెన్సు పాత కెమెరాకు పట్టదు. సెకండ్ హ్యాండ్ అయితే, ముఖ్యంగా తీర ప్రాంతంలో వాడిన లెన్సయితే, రెండు మూతలూ తీసి వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులాంటి సన్నని దారాలు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. మౌంట్ లోహం మీద, మరల మీద తుప్పు ఉంటే ఉప్పుగాలి లోపలికీ వెళ్లినట్టే. జూమ్‌ను కిందికి వంచి పట్టుకోండి, గొట్టం తనంతట తాను జారితే లోపలి పట్టు వదులైంది. ప్రైమ్ అయితే అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందేమో చూడండి. చివరగా ఇటుక గోడకు ఎదురుగా సమానంగా నిలబడి, అపర్చర్ పూర్తిగా తెరిచి ఒక ఫొటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. మూడు మూలలు ఒకలా ఉండి ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగింది, ఆ లెన్సు తిరిగి ఇచ్చేయండి. జూమ్ అయితే ఈ గోడ పరీక్షను రెండు చివర్లలోనూ, మధ్యలోనూ చేయాలి.